ఎవరికి ఏ రంగు: జపాన్ వర్ణాల వెనుక ఉత్తర్వులు

2019 అక్టోబర్ 22న టోక్యో రాజప్రాసాదంలో నరుహితో చక్రవర్తి పట్టాభిషేక వేడుక జరిగింది. ఆ రోజు ఆయన వేసుకున్న పైవస్త్రం ఎరుపూ పసుపూ కలిసి మాగినట్టుండే ఒక గోధుమ వన్నె. దాని పేరు కోరోజెన్. 820లో సాగా చక్రవర్తి కాలంలో వచ్చిన ఉత్తర్వుతో ఆ రంగు చక్రవర్తికే ప్రత్యేకమైంది. మరుసటి ఏడాది నవంబర్‌లో ఆయన తమ్ముడు అకిషినోను వారసుడిగా ప్రకటించినప్పుడు, యువరాజుకు కేటాయించిన నారింజ వన్నె దుస్తులు బయటికి వచ్చాయి.

జపాన్ సంప్రదాయ రంగుల గురించి వెతికితే ఆన్‌లైన్‌లో అందమైన పట్టికలు దొరుకుతాయి. ఎరుపు శక్తి, ఊదా హుందాతనం, నీలం ప్రశాంతత అని పక్కనే అర్థాలు కూడా రాసి ఉంటాయి. చూడ్డానికి బాగుంటాయి కానీ అసలు కథ వాటిలో ఉండదు. ఆ అర్థాల్లో చాలావాటి వెనుక ఒక ప్రభుత్వ ఉత్తర్వో, రంగు ఖరీదో, ఒక నిషేధమో ఉంది.

603లో సుయికో మహారాణి ఆస్థానం అధికారులను పన్నెండు హోదాలుగా విడగొట్టి, హోదాను బట్టి టోపీ రంగు నిర్ణయించింది. చైనా నుంచి వచ్చిన ఆలోచన ఇది. అన్నిటికంటే పైమెట్టుది ఊదా అని చరిత్రకారులు భావిస్తారు. ఊదా ఎందుకంటే అది మురసాకి అనే మొక్క వేరు నుంచి వస్తుంది, ఆ వేరు చాలా కావాలి, పని కూడా ఎక్కువ. 927లో పూర్తయిన ఎంగిషికి అనే పాలనా నిబంధనల సంకలనంలో ఒక పట్టుతానుకు ముదురు ఊదా అద్దడానికి ఏమేం కావాలో వంట దినుసుల్లా రాసి ఉంది: 30 కిన్ల వేరు, వెనిగర్, బూడిద, చివరికి పొయ్యిలోకి 360 కిన్ల కట్టెలు కూడా. ఒక కిన్ అంటే అర కిలో పైమాటే. ఇంత ఖర్చయ్యే రంగు అందరి ఒంటిమీదా కనిపిస్తే హోదాకి విలువేముంటుంది? అందుకే ముదురు ఊదా, ముదురు ఎరుపు నిషిద్ధ రంగులయ్యాయి. వాటిలోనే లేత ఛాయలు మాత్రం అందరికీ అనుమతి ఉన్నవి.

హెయియన్ కాలపు (794–1185) రాణివాసంలో రంగుల మీద రంగులు పొరలుగా వేసుకునేవారు. తెలుపు కింద ఎరుపు కనిపిస్తే అది చెర్రీ పూత. ఋతువు దాటాక వేసుకుంటే పరువు తక్కువ. ప్లమ్ పూల ఎరుపు దుస్తులను మూడో నాలుగో నెలలో చూడటం రసభంగమని 1000 ప్రాంతంలో ఆస్థాన రచయిత్రి సేయ్ షోనాగోన్ విసుక్కుంది. ఆమె నాలుక సంగతి అలా ఉంచితే, ఇక్కడ రంగుకి అర్థం ఇచ్చింది క్యాలెండర్.

ఎరుపు గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆ ఎరుపు కుసుమ పూలది. మనం నూనె తీసే కుసుమే. యమగత ప్రాంతంలో మోగామి నది ఒడ్డున విరివిగా పండేది. ముళ్లు మంచుకి మెత్తగా ఉండే తెల్లవారుజామున కోసి, రేకులు కడిగి, మాగబెట్టి, దంచి, బిళ్లలుగా ఎండబెట్టేవారు. ఆ బిళ్లలు పడవల్లో సకాతా రేవుకి, అక్కడి నుంచి ఓడల్లో పడమటి తీరం మీదుగా క్యోటో దారి పట్టేవి. పువ్వులో ఎక్కువ భాగం పసుపే. దాన్ని నీళ్లతో కడిగి పారబోయాలి. మిగిలిన ఎరుపు బూడిద నీళ్లలో దిగుతుంది, పొగబెట్టిన ప్లమ్ కాయల పులుపు తగిలితే బట్టకు పడుతుంది. ఎత్తుకి ఎత్తు బంగారం అనేవారు దాన్ని. షోగన్‌లు అనే సేనాధిపతులు పాలించిన ఎదో కాలంలో (1603–1868) సంపన్న స్త్రీలు ఈ ఎరుపునే పెదాలకు మందంగా రాస్తే ఆకుపచ్చని మెరుపు వచ్చేది. అంత స్తోమత లేనివాళ్లు కింద సిరా పూసి, పైన పలచగా ఎరుపు రాసి అదే మెరుపు తెప్పించుకునేవారు!

ఎదో ప్రభుత్వం ఇంకా గట్టిగా బిగించింది. 1643లో రైతులు ఊదా, ప్లమ్ ఎరుపు రంగులు అద్దించుకోకూడదంది. 1683లో బంగారు జరీ, ఎంబ్రాయిడరీ మీద పడింది. చేతిలో డబ్బున్న నగర వ్యాపారులు దీనికి భలే జవాబిచ్చారు. గోధుమ, బూడిద రంగులకు అడ్డు లేదు కదా, వాటిలోనే ఛాయల మీద ఛాయలు పుట్టించారు. ‘నలభై ఎనిమిది గోధుమలు, నూరు బూడిదలు’ అన్న మాట అలా స్థిరపడింది. లెక్క అక్షరాలా అంతే కాదు, ఇంకా ఎక్కువే. కబుకి అనే సంప్రదాయ నాటకాల నటుడు ఇచికావా దంజూరో పేరు మీద ఒక గోధుమ, మరో నటుడు సెగావా కికునోజో కళాపేరు మీద ఇంకొకటి. అభిమానులు హీరో రంగే కావాలన్నారన్నమాట. పైన బూడిద రంగు కిమోనో, లోపల లైనింగ్ మాత్రం ఖరీదైన పట్టు. జపాన్ అభిరుచి సహజంగానే అణకువైనది అనేవాళ్లు ఈ ఉత్తర్వులను మరిచిపోతారు.

అదే కాలంలో మన కోరమండల్ తీరం బట్టలు కూడా అక్కడికి చేరాయి. డచ్ కంపెనీ మచిలీపట్నం వంటి రేవుల్లో కొన్న అద్దకాలు నాగసాకిలో దిగేవి. చిరివేరు ఎరుపున్న ఆ బట్టను జపానీయులు సరాసా అన్నారు. తేనీటి వేడుకల వాళ్లు చిన్న ముక్కను కూడా పారేయకుండా టీపొడి డబ్బాలకు సంచులు కుట్టించుకున్నారు.

నీలం కథలో ఒక తమాషా ఉంది. జపాన్ నీలం అనగానే గుర్తొచ్చే అచ్చుబొమ్మ, చిత్రకారుడు హొకుసాయ్ ‘పెద్ద కెరటం’, 1831 ప్రాంతానిది, ప్రష్యన్ బ్లూతో అచ్చయింది. అది బెర్లిన్‌లో పుట్టిన కెమికల్ రంగు. అంతకు ముందు అచ్చుబొమ్మలకు వాడిన పూల నీలం ఇట్టే వెలిసిపోయేది. బట్టల నీలం మాత్రం స్థానికమే. తోకుషిమాలో నీలి ఆకును దాదాపు వంద రోజులు మాగబెట్టి తయారుచేసేవారు. మెయిజీ కాలంలో (1868–1912) చవకగా వచ్చిన భారతదేశపు నీలిమందు దాన్ని దెబ్బతీసింది. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలం మార్కెట్లోకి తేవడంతో ఇద్దరి పనీ అయిపోయింది. సంతాపానికి తెలుపు పోయి నలుపు వచ్చింది కూడా మెయిజీ తర్వాతే, యూరప్‌ను చూసి.

రంగులకు పట్టికలు కట్టే పని ఇరవయ్యో శతాబ్దంలో ఊపందుకుంది. చిత్రకారుడు వాదా సాంజో 1927లో రంగుల ప్రమాణాల కోసం ఒక సంఘం పెట్టాడు. ఇప్పుడు జపాన్ పారిశ్రామిక ప్రమాణాల జాబితాలో 269 రంగు పేర్లున్నాయి, వాటిలో 147 జపనీస్ పేర్లు. పేరు, కొలత నిలిచాయి కానీ, తయారీ చాలాచోట్ల ఆగిపోయింది. క్యోటో అద్దకందారు యోషియోకా సచియో (1946–2019) పాత నిబంధనలు చదివి మొక్కలతోనే ఆ రంగులు మళ్లీ తీశారు. ఊదాకు వేరు కావాలంటే చిక్కే. అడవి మురసాకి ఇప్పుడు జపాన్‌లో అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలో ఉంది. ఒకప్పుడు ఆ వేరును పన్నుగా పంపిన క్యూషూలోని తకెతాలో రైతులు ఆయన సలహాతో దాన్ని మళ్లీ సాగు చేయడం మొదలుపెట్టారు.