గంజాయి, ఒత్తిడి, దిగులు: అపోహలు – వాస్తవాలు

సూర్యారావుపేటలో నా ఓపీకి వచ్చే ఇంటర్, ఇంజినీరింగ్ పిల్లల నోట ఈ మధ్య ఎండోకెనబినాయిడ్ వ్యవస్థ (గంజాయిలోని మత్తు రసాయనంలా పనిచేసేవాటిని మన శరీరమే తయారుచేసి వాడుకునే ఏర్పాటు) అనే మాట వినిపిస్తోంది. యూట్యూబ్‌లో చూసి వస్తున్నారు. విన్నదాంట్లో సగం నిజమే, అందుకే భయం.

అపోహ: "గంజాయిలో ఉండేలాంటిది మెదడే తయారుచేసుకుంటుందట. బయటినుంచి కాస్త తీసుకుంటే తప్పేంటి సార్?"

వాస్తవం: మొదటి మాట నిజం. గంజాయిలో మత్తునిచ్చే రసాయనం టీహెచ్‌సీ. అది అతుక్కునే సీబీ1 గ్రాహకాలను (నాడీకణాల మీద రసాయన సంకేతాలను అందుకునే చోట్లు) 1988లో గుర్తించారు. వాటికి అతుక్కునే మన సొంత రసాయనం ఆనందమైడ్‌ను 1992లో జెరూసలేంలో రాఫెల్ మెషూలమ్ బృందం పంది మెదడు నుంచి వేరుచేసింది. 1995లో అలాంటిదే మరో సొంత రసాయనం 2-ఏజీ బయటపడింది. నాడీకణానికి సంకేతాలు మితిమీరి వస్తుంటే, దాని పొరలోని కొవ్వు నుంచి ఇవి అప్పటికప్పుడు పుట్టి, వెనక్కి వెళ్లి, పంపే కణాన్ని నెమ్మదింపజేస్తాయి. పనైపోగానే ఎంజైములు వాటిని విరిచేస్తాయి. భయాన్ని పసిగట్టే మెదడు భాగం అమిగ్డలాలోనూ ఈ అదుపు ఉంది.

టీహెచ్‌సీకి ఆ పొదుపు లేదు. అవసరం ఉన్నచోటా లేనిచోటా గంటల తరబడి పనిచేస్తుంది. రోజూ తాగేవాళ్లలో గ్రాహకాలే తగ్గిపోతాయి. మానగానే నిద్ర పట్టదు, చిరాకు, అన్నం సయించదు. కుర్రాడు దాన్ని పాత ఆందోళనే తిరగబెట్టిందనుకుని మళ్లీ వెలిగిస్తాడు. హాస్టల్ పిల్లల్లో నేను ఎక్కువగా చూసేది ఇదే. మానిన రెండు రోజులకే గ్రాహకాలు కోలుకోవడం మొదలై, దాదాపు నాలుగు వారాలకు చాలావరకు మామూలవుతాయని స్కాన్ పరిశోధనల్లో తేలింది. అమ్మానాన్నలూ, ఆ నెల రోజులు తిట్లు పక్కనపెట్టి వాడి పక్కన ఉండండి.

అపోహ: దిగులంతా మనోబలం లేకే, రసాయనాలకేం సంబంధం?

వాస్తవం: రిమోనబాంట్ కథ వినండి. సీబీ1 గ్రాహకాలను అడ్డుకునే ఈ మాత్రను 2006లో యూరప్‌లో ఊబకాయానికి అనుమతించారు. బరువు తగ్గింది. కానీ కొందరిలో డిప్రెషన్, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు రావడంతో 2008లో వెనక్కి తీసుకున్నారు. అంటే మనసు కుంగడంలో రసాయనాల పాత్రా ఉంది. అలాగని దిగులుకు అదొక్కటే కారణమని నేననను. నిద్ర, అప్పులు, ఇంట్లో గొడవలు, వంశపారంపర్యం అన్నీ కలుస్తాయి.

అపోహ: సీబీడీ (గంజాయి మొక్కలోనే ఉండే, మత్తెక్కించని మరో రసాయనం) నూనె డిప్రెషన్‌కు మందు.

వాస్తవం: అమెరికా 2018లో సీబీడీ మందును అనుమతించింది కొన్ని అరుదైన మూర్ఛవ్యాధులకు, డిప్రెషన్‌కు కాదు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్‌తో సీబీడీ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఇంట్లో సీసా ఉంటే డాక్టరుకు చూపించండి, దాచకండి.

అపోహ: పరుగు తర్వాత వచ్చే హాయి ఎండార్ఫిన్లదే.

వాస్తవం: ఎండార్ఫిన్లు నొప్పిని తగ్గించే మన సొంత రసాయనాలు. అవి అతుక్కునే ఓపియాయిడ్ గ్రాహకాలను మందుతో అడ్డుకుని పరుగెత్తించినా ఆ హాయి తగ్గలేదని 2021లో ఒక పరిశోధన చూపింది. ఓ మోస్తరు వేగంతో పరుగెత్తినప్పుడు రక్తంలో ఆనందమైడ్ పెరుగుతుంది. అందుకే మందులతోపాటు కాలువగట్టు మీద జాగింగ్ కూడా చీటీలో రాస్తాను. మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు.

అర్ధరాత్రి పిల్లాడు చచ్చిపోవాలనుంది అంటే ఓపీ టైము దాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.