మూడు గుంపుల చుక్కలు, ఒకే గీత: స్కాటర్ ప్లాట్‌లో రిగ్రెషన్ మీద అపోహలు - వాస్తవాలు

థీసిస్ గడువు దగ్గర పడితే నాకొచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించేది ఒకటే ప్రశ్న: "సార్, గ్రాఫ్ మీద గీత వచ్చేసింది. పక్కన ఆర్ స్క్వేర్ ఎలా వేయాలి?" ఆర్ స్క్వేర్ అంటే చుక్కలు గీతని ఎంత అంటిపెట్టుకున్నాయో చెప్పే అంకె; చుక్కల ధోరణి చూపే ఆ గీతే రిగ్రెషన్ గీత. ఏ గీతకి అని అడుగుతాను. "అదే సార్, వచ్చిందిగా!" అంటారు.

చిక్కంతా ఆ "వచ్చిందిగా"లోనే ఉంది. గణాంకాల లెక్కలకి వాడే ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవాళ్ళందరి చేతుల్లో నలిగిన పెంగ్విన్ల డేటాతోనే చెబుతాను. అంటార్కిటికాలోని పామర్ స్టేషన్ దగ్గరి దీవుల్లో 2007-2009 మధ్య కొలిచిన 344 పక్షులు. అడెలీ, చిన్‌స్ట్రాప్, జెంటూ అని మూడు జాతులు. రెండు పక్షులకి ముక్కు కొలతలు లేవు కాబట్టి మనకి మిగిలేవి 342.

అపోహ: గ్రూపులు ఎన్ని ఉన్నా, మొత్తానికి కలిపి గీసిన గీతే అసలు ధోరణి.

అడ్డంగా ముక్కు పొడవు, నిలువుగా ముక్కు మందం పెట్టి అన్ని చుక్కలకీ కలిపి ఒక గీత గీయండి. కిందకి దిగుతుంది. పొడవు ఒక మిల్లీమీటరు పెరిగితే మందం సుమారు 0.085 మి.మీ. తగ్గుతోందని చెబుతుంది. ఇప్పుడు జాతికో రంగు వేసి, జాతికో గీత గీయండి. మూడూ పైకే వెళ్తాయి! వాలు అడెలీకి 0.18, చిన్‌స్ట్రాప్‌కి 0.22, జెంటూకి 0.20.

మాయేమీ లేదు. జెంటూల ముక్కు పొడుగు, సన్నం. అవన్నీ కింద కుడి మూల గుమిగూడతాయి. అడెలీలది పొట్టి ముక్కు, మందం ఎక్కువ. అవి పైన ఎడమ పక్కకి చేరతాయి. ఉమ్మడి గీత ఒక గుంపు నుంచి ఇంకో గుంపులోకి జారుతోంది తప్ప, ఏ జాతి లోపల ఏం జరుగుతోందో దానికి పట్టదు. దీన్నే సింప్సన్ పారడాక్స్ అంటారు. ఆ పేరుకి కారణమైన గణాంకవేత్త సింప్సన్ పేపరు 1951 నాటిది. ఇలాంటి తిరకాసుని యూల్ అనే ఇంకో గణాంకవేత్త 1903లోనే పట్టుకున్నాడు.

అలాగని ఉమ్మడి గీత ఎప్పుడూ తప్పేనని కాదు. ఏ జాతిదో తెలియని పెంగ్విన్ ముక్కు పొడవు మాత్రమే చేతికిచ్చి మందం అంచనా వేయమంటే అదే దిక్కు. కానీ థీసిస్‌లో అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ అది కాదు.

అపోహ: ఎన్ని గీతలు కావాలో సాఫ్ట్‌వేర్‌కి తెలుసు.

దానికేం తెలుస్తుంది? ఆర్‌లో గ్రాఫులు గీసే ప్యాకేజీ జీజీప్లాట్2లో రంగుని మొదటి ఏఈఎస్‌లో (ఏ కొలత ఎక్కడ, ఏ రంగు దేనికి అని చెప్పే బ్రాకెట్‌లో) రాస్తే మూడు గీతలొస్తాయి. అదే మాటని చుక్కలు వేసే జియోమ్ పాయింట్ లోపలికి జరిపితే చుక్కలు రంగుల్లోనే ఉంటాయి, గీత మాత్రం ఒక్కటే. ఒక్క మాట బ్రాకెట్ మారితే కథే తిరగబడింది.

గీత గీసే జియోమ్ స్మూత్‌కి పద్ధతి చెప్పకుండా వదిలేసినా ఇబ్బందే. వెయ్యిలోపు చుక్కలుంటే అది లోయెస్ అనే వంకర గీత గీస్తుంది. దాని పక్కన సరళరేఖ సమీకరణం అచ్చేసిన గ్రాఫులు కూడా చూశాను.

అపోహ: ఆర్ స్క్వేర్ ఎక్కువుంటే గీత నిటారుగా ఉన్నట్టు.

అడెలీ, చిన్‌స్ట్రాప్ వాలులు పక్కపక్కనే ఉన్నాయి. ఆర్ స్క్వేర్ మాత్రం ఒకదానికి 0.15, రెండోదానికి 0.43. అది చెప్పేది చుక్కలు గీతని ఎంత అంటిపెట్టుకున్నాయన్నది, గీత ఎంత ఎక్కుతోందన్నది కాదు.

అపోహ: మొత్తం మోడల్ ఆర్ స్క్వేర్ అంటే గ్రూపుల ఆర్ స్క్వేర్‌ల సగటు లాంటిదే.

జెంటూది 0.41. మూడిట్లో ఏదీ 0.45 దాటలేదు. జాతిని, పొడవుని కలిపి ఒకే మోడల్‌లో పెడితే మాత్రం 0.77 వస్తుంది! ఎందుకంటే పొడవు ఊసెత్తకుండా, ఏ జాతో చెప్పినంత మాత్రానే 0.68 వచ్చేస్తుంది. ఆ 0.77ని తెచ్చి మూడు గీతల మధ్య అచ్చేస్తే, చూసేవాళ్ళు అదంతా పొడవు ఘనతే అనుకుంటారు. ఏ అంకె ఏ మోడల్‌దో గ్రాఫ్ కిందే రాయండి.

అపోహ: ఒక గ్రూపులో పి విలువ 0.05 లోపు, ఇంకోదాంట్లో పైన. కాబట్టి వాలులు వేరు.

కాదు. పి విలువ అంటే అసలు సంబంధమే లేకపోయినా ఇంత బలమైన ధోరణి కనబడే అవకాశం; అది రెండు వాలుల్ని పోల్చదు. వాలుల తేడా తేల్చాలంటే మోడల్‌లో ఇంటరాక్షన్ టర్మ్ (జాతిని బట్టి వాలు మారనిచ్చే పదం) పెట్టి పరీక్షించాలి. మన పెంగ్విన్లలో అది పెట్టినా పెట్టకపోయినా ఆర్ స్క్వేర్ 0.77 దగ్గరే ఉంటుంది, అంటే వాలుల్ని వేరుగా ఉండనిచ్చినా కలిసొచ్చేది దాదాపు ఏమీ లేదు.

అపోహ: గీత చుట్టూ బూడిదరంగు పట్టీలో 95 శాతం చుక్కలుంటాయి.

లెక్కపెట్టి చూడండి, చాలావరకు బయటే ఉంటాయి. ఆ పట్టీ సగటు గీత అటూ ఇటూ ఎంత కదలొచ్చో చెబుతుంది. చుక్కల కోసమైతే ప్రిడిక్షన్ ఇంటర్వెల్ వేరే గీయాలి.

అపోహ: గ్రాఫ్ మీద పెద్దక్షరం ఆర్ (R) కనబడితే అది ఆర్ స్క్వేరే.

జీజీపబ్ఆర్ అనే ఇంకో ఆర్ ప్యాకేజీలో స్టాట్ కోర్ వాడితే పెద్ద ఆర్ అక్షరంతోనే అచ్చవుతుంది, కానీ అది కోరిలేషన్ (రెండు కొలతలు ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె). చిన్‌స్ట్రాప్‌కి అక్కడ 0.65 అని వస్తుంది. వర్గం చేస్తేనే 0.43. మొన్న ఒకమ్మాయి ఆ 0.65ని పట్టుకుని "65 శాతం వైవిధ్యాన్ని వివరిస్తోంది" అని రాసుకొచ్చింది. వైవా ఇంకా రెండు రోజులుంది కాబట్టి సరిపోయింది.