లాప్‌టాప్‌లో టెంపరేచర్ సెన్సర్ కనపడటం లేదా? లైనక్స్ వాడేవాళ్ళ అపోహలు - వాస్తవాలు

పోయిన మే నెలలో ఖమ్మం నుంచి ఒక ఇంజినీరింగ్ కుర్రాడు ఉబుంటు వేసిన లాప్‌టాప్ పట్టుకుని మా షాపుకి వచ్చాడు. "అన్నా, ప్రాజెక్ట్ కంపైల్ పెడితే చాలు, పది నిమిషాల్లో దానంతట అదే ఆగిపోతోంది. టెంపరేచర్ చూస్తే ఇరవై ఏడే ఉంటోంది. వేడి సమస్య కాదంట, మదర్‌బోర్డు మార్చాలంట" అన్నాడు. బోర్డు ఖర్చు విన్నప్పటి నుంచి వాళ్ళ ఇంట్లో అందరికీ టెన్షనే.

టెర్మినల్ తెరిచి 'సెన్సర్స్' అని కొట్టాను. ప్రాసెసర్‌ది అనుకోదగ్గ పేరు ఒక్కటీ లేదు. ఏసీపీఐటీజెడ్ అని ఒకటి, దాని కింద 27.8 డిగ్రీలు. ఆ సమయానికి మా గోడ మీద ఉన్న థర్మామీటర్ 39 చూపిస్తోంది. గది 39 ఉంటే లోపలున్న ప్రాసెసర్ 27.8 ఎలా ఉంటుంది? ఫ్యాన్ చేసేదల్లా గదిలో గాలిని లోపలికి లాగి బయటికి తోయడమే. ఆ గాలి కంటే చల్లగా అది దేన్నీ చేయలేదు.

ప్రాసెసర్ సెన్సర్‌ని చదివే డ్రైవర్‌ని లోడ్ చేయడానికి 'మోడ్‌ప్రోబ్ కోర్‌టెంప్' అని కొట్టి మళ్ళీ చూశాం. ఖాళీగా ఉన్న మెషీన్ 68 చూపించింది. కంపైల్ మొదలుపెట్టగానే నిమిషంలోపే వందకు చేరింది. సెన్సర్ పాడవలేదు, బోర్డు పాడవలేదు. సెన్సర్ చెప్పే మాట మనదాకా రావడం లేదు, అంతే. ఇలాంటి కేసులు నా దగ్గరికి తరచుగా వస్తాయి. వాటి వెనక నాకు ఎక్కువగా కనిపించే అపోహలు ఇవి.

అపోహ: "నో సెన్సర్స్ ఫౌండ్" అని వచ్చిందంటే నా లాప్‌టాప్‌లో సెన్సర్ లేనట్టే.

వాస్తవం: ఇంటెల్ కోర్ వరస మొదలైన 2006 తర్వాత వచ్చిన లాప్‌టాప్ ప్రాసెసర్లలో దాదాపు అన్నిటికీ సెన్సర్ సిలికాన్ లోపలే ఉంటుంది. ఏఎండీలోనూ అంతే. అది లేకుండా ప్రాసెసర్ తనను తాను కాపాడుకోలేదు. ఆ సందేశం చెప్పేది వేరు: డ్రైవర్లు లోడ్ అయ్యాయో లేదో చూసుకోమని దాని రెండో వాక్యంలోనే ఉంటుంది. చాలామంది మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతారు.

దారి ఇలా ఉంటుంది. సెన్సర్ విలువను కెర్నెల్‌లోని (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) డ్రైవర్ చదువుతుంది. చదివిన దాన్ని '/సిస్/క్లాస్/హెచ్‌డబ్ల్యుమాన్' అనే ఫోల్డర్‌లో పెడుతుంది. 'సెన్సర్స్' కమాండ్ అయినా, ప్యానెల్ మీద అంకె చూపించే యాప్ అయినా దాదాపుగా అక్కడి నుంచే తెచ్చి చూపిస్తుంది. కాబట్టి యాప్ మార్చి యాప్ వేసుకుంటూ పోతే ఏమీ రాదు. నేరుగా ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి, ఒక్కో హెచ్‌డబ్ల్యుమాన్ డైరెక్టరీలో 'నేమ్' అనే ఫైలు తెరిచి చూడండి. ఇంటెల్ అయితే 'కోర్‌టెంప్', ఏఎండీ అయితే 'కే10టెంప్' అని ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆ పక్కనే 'టెంప్1_ఇన్‌పుట్' అనే ఫైల్లో 52000 అని కనిపిస్తే కంగారు పడకండి, అది 52 డిగ్రీలు. కెర్నెల్ డిగ్రీలో వెయ్యో వంతు లెక్కన రాస్తుంది.

ఆ పేరు లేకపోతే డ్రైవర్ ఎందుకు రాలేదన్నది చూడాలి. ఇక్కడ ఇంటెల్‌కీ ఏఎండీకీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కోర్‌టెంప్ ప్రాసెసర్‌ని "నీ దగ్గర డిజిటల్ సెన్సర్ ఉందా" అని మాత్రమే అడుగుతుంది. '/ప్రాక్/సీపీయూఇన్ఫో'లో 'డీథెర్మ్' అనే ఫ్లాగ్ ఉంటే చాలు, నిన్న మార్కెట్లోకి వచ్చిన ప్రాసెసర్ అయినా సాధారణంగా పనిచేస్తుంది. కే10టెంప్ అలా కాదు. అది తనకు తెలిసిన పీసీఐ ఐడీల (హార్డ్‌వేర్ గుర్తింపు నంబర్ల) జాబితా చూసి, అందులో ఉంటేనే పట్టుకుంటుంది. అందుకే సరికొత్త రైజెన్ లాప్‌టాప్ కొని దాని మీద పాత డిస్ట్రో (ఉబుంటు లాంటి లైనక్స్ ప్యాకేజీ) వేస్తే టెంపరేచర్ కనపడదు. దానికి కొత్త కెర్నెల్ వేయడమే మందు, సెట్టింగులు తిప్పితే లాభం లేదు. నా దగ్గరికి వచ్చిన రైజెన్ కేసుల్లో ఎక్కువ భాగం ఇదే.

ఖమ్మం కుర్రాడిది ఇంటెల్. కోర్‌టెంప్ మామూలుగా బూట్‌లోనే తనంతట తాను వచ్చేస్తుంది. మరి ఎందుకు రాలేదు? '/ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి'లో వెతికితే ఒక ఫైల్లో 'బ్లాక్‌లిస్ట్ కోర్‌టెంప్' అని ఒక లైను ఉంది. ఎప్పుడో ఏదో వార్నింగ్ పోవడానికి ఎవరో చెబితే పెట్టాడట, ఆ సంగతే మరిచిపోయాడు. బ్లాక్‌లిస్ట్ అనేది ఆటోమేటిక్‌గా లోడ్ అవడాన్ని మాత్రమే ఆపుతుంది, చేత్తో పేరు కొట్టి లోడ్ చేస్తే ఆపదు. అందుకే నా కమాండ్ పనిచేసింది.

ఒక్క సందర్భంలో మాత్రం నిజంగానే ఏమీ కనపడదు: విండోస్ లోపల వర్చువల్ మెషీన్‌లోనో, డబ్ల్యుఎస్ఎల్ అనే విండోస్ సదుపాయంలోనో లైనక్స్ నడుపుతున్నప్పుడు. అసలు హార్డ్‌వేర్ బయట ఉన్న సిస్టమ్ చేతిలో ఉంటుంది, లోపలి లైనక్స్‌కి అందదు.

అపోహ: 'సెన్సర్స్-డిటెక్ట్' నడిపి అన్నిటికీ ఎస్ కొడితే దొరికిపోతుంది.

వాస్తవం: దయచేసి ఇలా చేయకండి. 'సెన్సర్స్' కమాండ్ వచ్చేది ఎల్ఎం-సెన్సర్స్ అనే ప్యాకేజీతో. ఆ పేరులోని ఎల్ఎం అనే అక్షరాలు పాతకాలం మదర్‌బోర్డుల మీద ఉండే ఎల్ఎం78 అనే చిప్ నుంచి వచ్చాయి. సెన్సర్స్-డిటెక్ట్ ముఖ్యంగా అలాంటి బోర్డు చిప్‌లను వెతకడానికి రాసిన స్క్రిప్ట్. డెస్క్‌టాప్‌లో అది ఇప్పటికీ బాగా పనికొస్తుంది. లాప్‌టాప్‌లో ఫ్యాన్, బోర్డు వేడి లాంటివి చూసుకునేది ఎంబెడెడ్ కంట్రోలర్ అనే వేరే చిప్. దాని భాష కంపెనీ కంపెనీకీ వేరు, చాలాసార్లు మోడల్ మోడల్‌కీ వేరు. ఈ స్క్రిప్ట్‌కి అది తెలియదు. అందుకే చివర్లో "సారీ" అని చెప్పి ఊరుకుంటుంది.

అది అడిగే ప్రతి ప్రశ్న పక్కనా పెద్దక్షరంలో ఒక డిఫాల్ట్ జవాబు ఉంటుంది. ఎంటర్ కొడితే ఆ జవాబే తీసుకుంటుంది, సురక్షితమైనది కూడా అదే. నో అని ఉన్నచోట ఎస్ కొట్టడమంటే, బస్ (చిప్‌లను కలిపే తీగల దారి) మీద ఎవరున్నారో తెలియకుండా ప్రతి తలుపూ తట్టడమే. దీనికి చరిత్రలో చేదు అనుభవం ఉంది. కొన్ని పాత ఐబీఎం థింక్‌ప్యాడ్‌లలో 24ఆర్ఎఫ్08 అనే చిన్న మెమరీ చిప్ ఉండేది. ఇలా తట్టినప్పుడు అందులోని సమాచారం చెడిపోయి మెషీన్లు అసలు బూట్ కాకుండా పోయాయి. ఆ తర్వాత జాగ్రత్తలు పెట్టారు. అయినా ఆ ప్రశ్నలు ఊరికే అడగడం లేదని గుర్తుంచుకోండి.

సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే కెర్నెల్ లాక్‌డౌన్ వల్ల ఈ స్క్రిప్ట్‌కి హార్డ్‌వేర్‌ని నేరుగా తాకే '/డెవ్/పోర్ట్' తెరవడానికి అనుమతి రాకపోవచ్చు. అది చూసి సెక్యూర్ బూట్ తీసేయాల్సిన పని లేదు. ప్రాసెసర్ సెన్సర్‌కి ఆ దారితో సంబంధమే లేదు.

అపోహ: ఏసీపీఐటీజెడ్ అంటే సీపీయూ టెంపరేచర్.

వాస్తవం: కొన్ని మోడళ్ళలో అవును, కొన్నిట్లో కాదు. అది బయోస్ (మెషీన్‌ని మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) ఇచ్చే విలువ. ఏ సెన్సర్‌ని చదివి ఇస్తుందో, అసలు చదివే ఇస్తుందో లేదో ఆ బయోస్ రాసినవాళ్ళ ఇష్టం. బయోస్, సిస్టమ్ మాట్లాడుకునే పద్ధతి అయిన ఏసీపీఐలో టెంపరేచర్‌ని కెల్విన్‌లో పదో వంతు లెక్కన ఇస్తారు. బయోస్‌లో ఎవరో 3010 అని గుండ్రంగా రాసి పెట్టేస్తే, అది 301.0 కెల్విన్, అందులోంచి 273.2 తీసేస్తే 27.8 డిగ్రీలు. రకరకాల బ్రాండ్ల లాప్‌టాప్‌లలో అదే 27.8 కనిపించడానికి కారణం ఇదే. అది కొలిచిన అంకె కాదు, రాసి పెట్టిన అంకె.

పరీక్ష తేలిక. ఒక టెర్మినల్‌లో 'వాచ్ సెన్సర్స్' పెట్టి, ఇంకో దాంట్లో 'స్ట్రెస్' లాంటి ప్రోగ్రామ్‌తో అన్ని కోర్లకీ రెండు నిమిషాలు పని పెట్టండి. లాప్‌టాప్ పక్కన గాలి వచ్చే సందు దగ్గర చెయ్యి పెట్టి ఉంచండి. చేతికి వేడి తగులుతున్నా అంకె కదలకపోతే ఆ అంకెను నమ్మకండి.

అపోహ: ఎస్ఎస్‌డీ 65261.8 డిగ్రీలు చూపిస్తోంది, సెన్సర్ పోయింది.

వాస్తవం: అది టెంపరేచర్ కాదు, ఆ లైను చివర బ్రాకెట్లలో ఉండే పై హద్దు. డ్రైవ్ హద్దు పెట్టుకోకపోతే 65535 కెల్విన్ అని, కింది హద్దు సున్నా కెల్విన్ అని వస్తుంది. అందుకే మైనస్ 273.1 కూడా కనిపిస్తుంది. మొదట ఉన్న అంకె ఒక్కటే చూడండి. ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ అసలే కనపడకపోతే కెర్నెల్ 5.5 కంటే పాతదేమో చూడండి. సాటా డ్రైవ్ అయితే 5.6 నుంచి 'డ్రైవ్‌టెంప్' అనే మాడ్యూల్ ఉంది, దాన్ని మాత్రం మీరే లోడ్ చేసుకోవాలి.

వైఫై ఆపినప్పుడు 'సెన్సర్స్'లో దాని పక్కన ఎన్ఏ అనో, చదవలేకపోయానని ఎర్రర్ రావడమో కూడా మామూలే.

అపోహ: ఎన్విడియా కార్డ్ 'సెన్సర్స్'లో రావడం లేదంటే డ్రైవర్ సరిగా పడలేదు.

వాస్తవం: కంపెనీ సొంత డ్రైవర్ హెచ్‌డబ్ల్యుమాన్‌లోకి విలువ పంపదు. 'ఎన్విడియా-ఎస్ఎంఐ'తో చూసుకోండి. లాప్‌టాప్‌లో నిద్రపోతున్న కార్డుని ఆ కమాండ్ లేపుతుంది. దాన్ని ప్రతి రెండు సెకన్లకీ నడిపే విడ్జెట్ పెట్టుకుంటే బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

అపోహ: ఏదీ కుదరకపోతే బూట్ లైన్లో 'ఏసీపీఐ_ఎన్‌ఫోర్స్_రిసోర్సెస్=లాక్స్' పెట్టేయాలి.

వాస్తవం: ఇది అందరూ చెప్పే చిట్కా, నేను మాత్రం కస్టమర్ల మెషీన్లలో పెట్టను. ఒకే రిజిస్టర్లను (చిప్ లోపలి చిన్న గడులను) బయోస్ కోడూ, లైనక్స్ డ్రైవరూ ఒకేసారి ముట్టుకుంటే ఎవరు ఏం రాస్తున్నారో తెలియకుండా పోతుంది. అందుకే 2.6.31 నుంచి కెర్నెల్ డిఫాల్ట్‌గా దాన్ని అడ్డుకుంటోంది. ఈ చిట్కా ఆ అడ్డునే తీసేస్తుంది. ఆ రిజిస్టర్లతోనే ఫ్యాన్ నడుస్తున్న మెషీన్‌లో ఇలాంటి ప్రయోగం చేస్తే, వేడి తెలుసుకోబోయి వేడికే బలి చేసినట్టవుతుంది.

ఫ్యాన్ స్పీడ్ కావాలంటే మీ బ్రాండ్ డ్రైవర్ చూడండి: థింక్‌ప్యాడ్‌కి 'థింక్‌ప్యాడ్_ఏసీపీఐ', డెల్‌కి 'డెల్_ఎస్ఎంఎం_హెచ్‌డబ్ల్యుమాన్'. ఒక బ్రాండ్ మాడ్యూల్‌ని ఇంకో బ్రాండ్ మీద ఫోర్స్ చేయకండి. కొన్ని మోడళ్ళలో ఫ్యాన్ అంకె ఎంత చేసినా రాదు, వాటిని అలా వదిలేయడమే మంచిది.

అపోహ: నిన్న పనిచేసిన నా స్క్రిప్ట్ ఈరోజు తప్పు అంకె ఇస్తోంది, సెన్సర్ చెడిపోతోంది.

వాస్తవం: స్క్రిప్ట్‌లో 'హెచ్‌డబ్ల్యుమాన్3' అని నంబరు రాసి ఉంటారు. ఆ నంబర్లు డ్రైవర్లు వచ్చిన వరసను బట్టి పడతాయి, రీబూట్‌కి మారిపోతాయి. నిన్న ప్రాసెసర్‌ది అయిన 3 ఈరోజు బ్యాటరీది కావచ్చు. నంబరుతో కాకుండా 'నేమ్' ఫైల్లోని పేరుతో వెతకండి.

అపోహ: ఖాళీగా ఉన్నప్పుడు నా ఫ్రెండ్ లాప్‌టాప్ 38, నాది 43. నాదాంట్లో ఏదో తేడా ఉంది.

వాస్తవం: ఇంటెల్ సెన్సర్ నేరుగా ఇన్ని డిగ్రీలని చెప్పదు. గరిష్ఠ హద్దుకి ఇంకా ఎంత దూరంలో ఉన్నానో చెబుతుంది. చాలా మోడళ్ళలో ఆ హద్దు 100 డిగ్రీలు. అందులోంచి ఆ దూరం తీసేసి కోర్‌టెంప్ మనకు అంకె చూపిస్తుంది. హద్దుకి దగ్గరపడే కొద్దీ అది కచ్చితంగా ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు అంత కచ్చితం కాదు. అందుకే ఐదు డిగ్రీల తేడా గురించి దిగులు వద్దు. పని పెట్టినప్పుడు ఎంతదాకా వెళ్తోంది, కెర్నెల్ సందేశాలు చూపే 'డీమెసేజ్'లో క్లాక్ థ్రాటిల్డ్ (వేడికి వేగం తగ్గింది) అని వస్తోందా, అవి చూడండి.

ఖమ్మం కుర్రాడి లాప్‌టాప్ వెనక మూత తీస్తే ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య దుమ్ము ఉన్నిలా పేరుకుపోయి ఉంది, వేలితో పట్టి లాగితే ఒకే ముక్కగా వచ్చింది. ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్ట్ ఎండి పొడిలా రాలింది. శుభ్రం చేసి కొత్త పేస్ట్ రాశాం, ఆ బ్లాక్‌లిస్ట్ లైను తీసేశాం. వారం తర్వాత ఫోన్ చేశాడు. "అన్నా, ఇవాళ గంటసేపు కంపైల్ పెట్టాను. 84 దాటలేదు, ఒక్కసారి కూడా ఆగలేదు" అన్నాడు.