తుపాను సాయం: అపోహలు - వాస్తవాలు

తుపాను తీరం దాటిన మర్నాటి నుంచి నా ఫోను మోగుతూనే ఉంటుంది. బాపట్ల జిల్లాలో గ్రామ వ్యవసాయ సహాయకుడిని. అందరూ అడిగేది ఒకటే: "ఎకరానికి ఎంత పడుద్ది, ఎప్పుడు పడుద్ది?" ఎవరి ఖాతాలో పడుతుందనేది చాలావరకు తుపాను రాకముందే ఖాయమైపోయి ఉంటుందంటే నమ్మరు.

అపోహ: పోయిన పంట విలువంతా ప్రభుత్వం ఇస్తుంది.

వాస్తవం: వచ్చేది ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే మళ్లీ సాగు మొదలుపెట్టడానికి కాస్త పెట్టుబడి. 2022-26 కేంద్ర నిబంధనల్లో హెక్టారుకు వర్షాధార పంటకైతే 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 17,000, పండ్ల తోటల్లాంటి బహువార్షిక పంటలకు 22,500. అదీ రైతుకు 2 హెక్టార్ల వరకే. ఆపైన రాష్ట్రం కలుపుకోవచ్చు. 2024 సెప్టెంబరు వరదలకు ఆంధ్రప్రదేశ్ వరికి హెక్టారుకు 25,000 ప్రకటించింది, అంటే ఎకరాకు 10,000. మా డెల్టాలో కౌలు కాకుండానే ఎకరా వరికి పెట్టుబడి 30 వేలు దాటుతుంది. చాలదు, నిజమే.

అపోహ: చేలో నీళ్లు నిలిస్తే చాలు, నష్టం రాసేయాలి.

వాస్తవం: 33 శాతం, ఆపైన పంట పోతేనే లెక్కలోకి వస్తుంది. 2015కి ముందు ఈ గీత 50 శాతం దగ్గర ఉండేది. మొదటి రోజు పేపర్లో వచ్చే ఎకరాలు మునిగిన చేల అంచనా మాత్రమే. వరి ఒకటి రెండు రోజుల ముంపును తట్టుకుని తేరుకోగలదు, అందుకే నీళ్లు లాగాక రెవెన్యూ వాళ్లతో కలిసి మళ్లీ చేలోకి దిగుతాం. పడిపోయిన దుబ్బును పైకెత్తి, కంకిని అరచేతిలో నలిపి చూస్తాం: తాలు ఎంత, రంగు మారింది ఎంత, మొలకెత్తింది ఎంత. మిగిలిందైనా దక్కించుకుందామని ముందే మిషను పెట్టి కోయిస్తే అక్కడ మాకు చూడటానికి ఏమీ మిగలదు. ఆగలేకపోతే కోసేముందు ఒక్క కబురు పెట్టండి, వచ్చి చూస్తాం.

అపోహ: భూమి ఎవరిదైతే సాయం వాళ్లదే.

వాస్తవం: సాగు చేసినవాళ్లది. కానీ సాగు చేశారని చెప్పేది ఈ-క్రాప్ నమోదు, అంటే ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే లెక్క. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. వారం తర్వాత ఒక కౌలు రైతు వచ్చింది. కొంగు ముడి విప్పి నా బల్ల మీద కంకి పెట్టింది. గింజ గింజకీ తెల్లటి మొలక. మూడెకరాల పంట ఆమెదే, ఈ-క్రాప్‌లో పేరు మాత్రం భూమి యజమానిది. 2019 చట్టం కింద కౌలు రైతుకిచ్చే సాగుదారు హక్కు పత్రం 11 నెలలకే, దాంతో భూమి హక్కుకు ఏ ఢోకా లేదని సీజను మొదట్లో ఆయనకు ఎంత చెప్పినా సంతకం పెట్టలేదు. సాయం ఆయన ఖాతాకే వెళ్లింది. "పోనీలే బాబూ, నువ్వేం చేస్తావ్" అని ఆమె కంకి అక్కడే వదిలి వెళ్లిపోయింది. నేను చేయగలిగింది ఏదైనా ఉంటే అది ఆగస్టులోనే, ఈ-క్రాప్ రాసేటప్పుడు, నాట్లు పడిన చేను గట్టు మీద. యజమానులకు నా మనవి ఒక్కటే: ఆ సంతకంతో మీ పొలం ఎక్కడికీ పోదు.

అపోహ: పంటల బీమా, ఈ సాయం ఒకటే.

వాస్తవం: వేర్వేరు. బీమాకు ప్రీమియం కట్టాలి. కోసి ఆరబెట్టిన పనలు తడిస్తే, కోసిన 14 రోజుల లోపు నష్టానికి బీమా వర్తిస్తుంది, కానీ నష్టం జరిగిన 72 గంటల్లో తెలియజేయాలి.

అపోహ: పేరు రాసుకున్నారు కాబట్టి డబ్బు వచ్చేస్తుంది.

వాస్తవం: ఈ-కేవైసీ, అంటే ఆధార్‌తో మీ వివరాలు సరిచూడటం, పూర్తవ్వాలి, ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు జోడించి ఉందో తెలియాలి. మూసేసిన ఖాతాకు వెళ్లి తిరిగొచ్చిన సొమ్ములు చూశాను. జాబితాను రైతు సేవా కేంద్రం గోడ మీద అంటిస్తాం. సర్వే నంబరు, విస్తీర్ణం, ఖాతా చూసుకోండి. తేడా ఉంటే గడువులోపు కాగితం మీద రాసివ్వండి, నోటి మాటగా చెబితే మేం పైకి పంపలేం.