ఎస్సా, నోవా: ఆ బాక్సు మీద ఉన్న అపోహలు, అసలు సంగతులు

హనుమకొండలో విండోస్ సిస్టం రిపేర్లు చేసేవాళ్లకు రోజూ వినబడే మాట ఇది: "అన్నా, ఏది ఓపెన్ చేసినా తెర మసకైపోయి ఎస్సా నోవా అని అడుగుతంది. దాన్ని తీసెయ్యరాదే." తీసెయ్యడం నిమిషం పని. అందుకే చాలామంది తీసేసి పంపిస్తారు. నేను మాత్రం అది ఎందుకు వస్తోందో చూడందే ముట్టుకోను.

అపోహ: అది వైరస్‌ను పట్టుకునే బాక్సు.

కాదు. ప్రోగ్రామ్ మంచిదో చెడ్డదో దానికి తెలియదు. దాని పేరు యూజర్ అకౌంట్ కంట్రోల్. మీరు అడ్మిన్‌గా, అంటే సిస్టంలో ఏదైనా మార్చే పూర్తి హక్కులున్న యూజర్‌గా, లాగిన్ అయినా విండోస్ మీ ప్రోగ్రాములను మామూలు యూజర్ హక్కులతోనే నడుపుతుంది. ఏదైనా ప్రోగ్రామ్ పూర్తి హక్కులు కావాలంటే అప్పుడు మిమ్మల్ని అడుగుతుంది. తెర మసకబారేది కూడా ఊరికే కాదు. ఆ బాక్సు వేరే డెస్క్‌టాప్ మీద వస్తుంది, మీ బదులు ఇంకో ప్రోగ్రామ్ 'ఎస్' నొక్కకుండా.

అలాగని బాక్సు రాలేదు కదా, భయం లేదు అనుకోవద్దు. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్‌కు అడ్మిన్ హక్కులతో పనే లేదు. మీ ఫొటోలు, లెక్కలు మార్చే హక్కు మీకుంది కాబట్టి, మీరు తెరిచిన ప్రోగ్రామ్‌కూ ఉన్నట్టే.

అపోహ: మాటిమాటికీ అడుగుతోందంటే విండోస్‌దే తప్పు.

తిట్లన్నీ విండోస్‌కే పడతాయి గానీ, ఎక్కువసార్లు దోషి ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు. పాత విండోస్ ఎక్స్‌పీ కాలంలో దాదాపు అందరం అడ్మిన్లమే. ప్రోగ్రామ్ తన డేటాను, సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ అయ్యే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే రాసుకున్నా అడిగే దిక్కు లేదు. 2007లో దాని తర్వాతి విండోస్ విస్టా వచ్చి అడగడం మొదలుపెట్టేసరికి జనం గగ్గోలు పెట్టారు. జనాన్ని విసిగించడానికే దీన్ని పెట్టామని 2008లో మైక్రోసాఫ్ట్ మేనేజర్ డేవిడ్ క్రాస్ ఒక సదస్సులో నేరుగానే చెప్పాడు. విసిగిన జనం సాఫ్ట్‌వేర్ కంపెనీల మెడ మీద కూర్చుంటారని లెక్క. మనవాళ్లు కంపెనీని వదిలేసి రిపేర్ షాపుకు వచ్చారు, అది వేరే సంగతి.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర అడ్తి దుకాణాల్లో తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు) కొట్టే పాత 32 బిట్ సాఫ్ట్‌వేర్లనే చూడండి. అలాంటిది ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే, విండోస్ ఎర్రర్ ఇవ్వకుండా ఆ రాతను చప్పుడు చేయకుండా యూజర్ ఫోల్డర్‌లోని వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్‌కు మళ్లిస్తుంది. మర్నాడు ఎవరో 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' కొట్టి తెరుస్తారు. ఇప్పుడది అసలు ఫోల్డర్‌లోని పాత ఫైలును చదువుతుంది. నిన్నటి పట్టీలు కనబడవు! మిర్చి సీజన్‌లో ఇట్లా జరిగితే సేటుకు టెన్షన్, గుమాస్తాకు తిట్లు. నిజానికి డేటా ఎక్కడికీ పోలేదు. యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ దాకా వెళ్తే అక్కడే ఉంటుంది. యాప్‌డేటా హిడెన్ ఫోల్డర్ కాబట్టి ఎవరికీ తట్టదు, అంతే.

ఇన్‌స్టాల్ చేసినవాళ్లు దీనికి చేసే మందు, ప్రాపర్టీస్‌లో ఎప్పుడూ అడ్మిన్‌గానే నడవాలని టిక్కు పెట్టి వెళ్లిపోవడం. ఇక తెరిచిన ప్రతిసారీ బాక్సే. సరైన మందు వేరే ఉంది. సాఫ్ట్‌వేర్‌నూ డేటానూ ప్రోగ్రామ్ ఫైల్స్ బయటికి తెచ్చి, ఆ ఒక్క ఫోల్డర్‌కు రాసే అనుమతి ఇచ్చి, టిక్కు తీసెయ్యాలి. చాలా పాత బిల్లింగ్ ప్రోగ్రాములు దీంతో అడగడం మానేస్తాయి.

అపోహ: సెట్టింగ్స్‌లో ఈ బాక్సు ఎప్పుడెప్పుడు అడగాలో పెట్టే స్లైడర్‌ను కిందికి లాగితే పీడ పోతుంది.

పోయేది ప్రశ్న ఒక్కటే. విండోస్ 8 నుంచి అడ్మిన్ అకౌంట్‌లో స్లైడర్‌ను అట్టడుగుకు లాగితే, అడిగిన ప్రతి ప్రోగ్రామ్‌కూ మీ తరఫున ఎస్ పడిపోయినట్టే. దొంగ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే క్రాక్ ఫైలుకు కూడా. షాపులో పిల్లలు కూర్చునే సిస్టమైతే వాళ్లకు స్టాండర్డ్ అకౌంట్ చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర పెట్టుకోండి.

అపోహ: పబ్లిషర్ పేరుంటే ఎస్ కొట్టొచ్చు.

పేరు చెప్పేది ఎవరు సంతకం చేశారన్నదే, మంచివాళ్లని కాదు. 'షో మోర్ డీటెయిల్స్' నొక్కి ఫైల్ ఎక్కడుందో చూడండి. మీరు ఏదీ తెరవకుండానే బాక్సు వచ్చిందా? నో కొట్టండి. నో కొడితే సిస్టం పాడవదు, కావలసిన పనైతే మళ్లీ అడుగుతుంది.

అపోహ: ఈ గొడవ కంప్యూటర్‌లోనే, ఫోన్‌లో అలౌ కొడితే ఏం కాదు.

ఇప్పుడు అసలు నష్టం ఫోన్‌లోనే. పెళ్లి కార్డు, ట్రాఫిక్ చలాన్, పీఎం కిసాన్ పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే యాప్ ఇన్‌స్టాల్ చేసేవి) ఎస్సెమ్మెస్, యాక్సెసిబిలిటీ పర్మిషన్లు అడుగుతాయి. మొదటిది ఇస్తే ఓటీపీ వాళ్ల చేతికి, రెండోది ఇస్తే తెర మొత్తం. ప్లే స్టోర్ బయటి నుంచి వేసుకున్న ఇలాంటి యాప్‌లకు యాక్సెసిబిలిటీని ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోనే 'రెస్ట్రిక్టెడ్ సెట్టింగ్' అని ఆపుతుంది. ఆ అడ్డు ఎలా తీయాలో ఎవరైనా ఫోన్‌లో నేర్పిస్తున్నారంటే వాళ్లు దొంగలే.

ఇప్పటికే అలౌ కొట్టేసి ఉంటే ముందు డేటా, వైఫై ఆపండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు, తర్వాత సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. యాప్ తీసే పని ఆ తర్వాత.