పడని పైరు

భీమిలి దగ్గర ఒక పల్లె నుంచి ఇంటర్ చదివే అమ్మాయి పంపిన ప్రశ్న ఇది: "మా తాత చిన్నప్పుడు వరి చేలో మనిషి కాస్త వంగితే గట్టు మీదవాళ్లకి కనిపించేవాడు కాదట. ఇప్పుడు చేను నడుము దాటడం లేదు. యూరియా వేసీ వేసీ నేల సారం పోయి మొక్క గిడసబారిపోయిందని తాత అంటాడు. నిజమేనా సార్?"

ఈ ప్రశ్న నన్ను రెండు రోజులు వదల్లేదు. తాత చూసింది నూటికి నూరుపాళ్లు నిజం. చెప్పిన కారణం మాత్రం తలకిందులు. తిండి చాలక వరి పొట్టిదైపోలేదమ్మా. ఎక్కువ తిండి పెట్టినా తట్టుకుని నిలబడాలని దాన్ని పొట్టిగా ఎంచుకున్నారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన మర్నాడు విశాఖలో ఉన్నవాళ్లకి ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రాంగణంలో, కైలాసగిరి మీద పెద్ద పెద్ద చెట్లు వేళ్లతో సహా లేచి పడి ఉన్నాయి. ఒక పడిన చెట్టు పక్కనే గరిక మాత్రం ఏమీ జరగనట్టు నిలబడి ఉంది. నేను దాన్నే చాలాసేపు చూశాను. రెండింటి మీదా వీచింది ఒకే గాలి. ఎత్తు వేరు, తలమీద మోసే బరువు వేరు, అంతే తేడా.

వరి చేలో ఇదే కథ ప్రతి కార్తీకంలోనూ జరుగుతుంది. కంకి పాలు పోసుకుని గట్టిపడే వేళ ఒక వాన, దాని వెనక ఒక ఈదురుగాలి వస్తే తెల్లారేసరికి చేను చాపలా పడి ఉంటుంది. నీళ్లలో పడ్డ కంకి మీదే గింజ మొలకెత్తుతుంది. కొడవలికి దొరకదు, పడ్డ చేను కోతకి కూలీలు రామంటారు. రైతుని ఎక్కువ ఏడిపించేది మరొకటుంది: అన్ని చేలకన్నా ఏపుగా ఎదిగిన చేనే ముందు పడుతుంది. మా తాతగారి ఊళ్లో దీన్ని దిష్టి అనేవారు. పచ్చగా, ఒత్తుగా ఉన్న మడిలో కుండకి సున్నం బొట్లు పెట్టి దిష్టిబొమ్మ నిలబెట్టేవారు. మూఢనమ్మకం అని ఒక్కమాటలో కొట్టిపారేయడం నాకిష్టం ఉండదు. కారణం తప్పు కావచ్చు గానీ వాళ్ల పరిశీలన అక్షరాలా సరైనది. బాగా గత్తం తోలిన మడి, నత్రజని ఎక్కువ తిన్న పైరు, పడిపోతుంది. నత్రజని అందగానే పాతకాలపు పొడుగు వరి కాడ కింది కణుపుల దగ్గర సాగుతుంది, ఆకులు ముసురుకుని మొదలు నీడలో పడి మెత్తబడుతుంది, పైన కంకి బరువెక్కుతుంది. అంటే పంటను పెంచేదే పంటను పడగొడుతుంది. వందల ఏళ్లు రైతు ఈ గోడ దగ్గరే ఆగిపోయాడు. ఎరువు ఉన్నా వేయలేడు.

ఈ గోడ ఎంత గట్టిదో లెక్క చూద్దాం. ఇంట్లో 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు తీసుకోండి. 16 సెంటీమీటర్లు బల్ల అంచు నుంచి బయటికి ఉండేలా మిగతా భాగాన్ని పుస్తకంతో నొక్కి పెట్టండి. కొసన ఒక రూపాయి బిళ్లని టేపుతో అంటించి, స్కేలు ఎంత కిందికి దిగిందో కొలవండి. ఇప్పుడు స్కేలుని 24 సెంటీమీటర్ల దాకా బయటికి జరపండి. పొడుగు ఒకటిన్నర రెట్లే పెరిగింది. వంపు మాత్రం మూడు రెట్లు దాటిపోతుంది. కొసన బరువు మోసే కడ్డీ వంపు పొడుగు ఘనాన్ని బట్టి పెరుగుతుంది: 1.5 ని మూడుసార్లు హెచ్చిస్తే 3.4 దాకా వస్తుంది. స్కేలు సొంత బరువు దాన్ని ఇంకా పెంచుతుంది.

పాత పొడుగు వరి ఐదడుగులు, పొట్టి వరి మూడడుగుల పైచిలుకు అనుకోండి. అదే గాలికి పొడుగు కాడ మూడు రెట్లకు పైగా వంగుతుంది. అక్కడితో ఆగితే బాగుండును. వంగిన కొద్దీ కంకి మొదలుకి దూరంగా జరుగుతుంది, దాంతో కంకి బరువే కాడని ఇంకా లాగుతుంది, లాగిన కొద్దీ ఇంకా వంగుతుంది. ఒక హద్దు దాటాక గాలి ఆగినా పైరు లేవదు. దీనికి విరుగుడు లావు: కాడ గట్టిదనం దాని మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. అంటే అయిదో వంతు లావెక్కితే గట్టిదనం రెట్టింపవుతుంది. ఎత్తు తగ్గించి కాడని కాస్త లావు చేస్తే రెండు వైపుల నుంచీ లాభమే. కొత్త రకాలు తయారుచేసే బ్రీడర్లు ఈ సూత్రాలు రాసుకుని మొదలుపెట్టారని నేను చెప్పడం లేదు. వాళ్లు చేలో తిరిగి, పడకుండా నిలిచిన మొక్కని ఏరుకున్నారు.

అలాంటి మొక్క తైవాన్‌లో దొరికింది. దాని పేరు డీ-జియో-వూ-జెన్, పాతకాలపు పొట్టి రకం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పీటర్ జెన్నింగ్స్ 1962లో దాన్ని ఇండోనేషియా పొడుగు రకం పేటాతో సంకరం చేశాడు. మొదటి తరం మొక్కలన్నీ పొడుగే. రెండో తరంలో నాలుగింట ఒకటి పొట్టిది. ఈ లెక్క ఎక్కడో విన్నట్టుంది కదూ? పదో తరగతిలో మెండెల్ బఠానీలు! మూడు పొడుగు, ఒకటి పొట్టి. మన పిల్లలు మెండెల్‌ని ఒక పాఠంలో, హరిత విప్లవాన్ని ఇంకో పాఠంలో బట్టీ పట్టి, ఒక్కో మార్కు బిట్టుగా రాసి మరిచిపోతారు. ఆ రెండూ ఒకే కథ అని చెప్పే టీచరు నాకు తగల్లేదు, అది ఇప్పటికీ బాధే. మెండెల్ బఠానీని పొట్టి చేసిన జన్యువేదో 1997లో తేలింది. అది జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ తయారీకి కావలసిన జన్యువు. 2002లో వరి పొట్టి జన్యువు ఎస్‌డీ1 దొరికింది. అదీ జిబ్బరెల్లిన్ తయారీదే!

ఈ హార్మోన్ కూడా వరి చేలోనే బయటపడింది. జపాన్ రైతులకి ఒక తెగులు తెలుసు. నారు ఉన్నట్టుండి సన్నగా, పాలిపోయి, పక్క మొక్కల్ని దాటి పొడుగ్గా సాగి పడిపోతుంది. దాన్ని బకనే అంటారు, మన మాటలో వెర్రి నారు. 1926లో తైవాన్‌లో పనిచేస్తున్న కురొసావా అనే శాస్త్రవేత్త, ఈ తెగులు తెచ్చే శిలీంధ్రం పెరిగిన ద్రవాన్ని మాత్రమే పోసినా నారు వెర్రిగా సాగుతుందని చూపించాడు. ఆ ద్రవంలో ఉన్నదే జిబ్బరెల్లిన్. తర్వాత తెలిసిందేమిటంటే మొక్క తానూ దీన్ని తయారు చేసుకుంటుంది, కాడ సాగడానికి. డీ-జియో-వూ-జెన్‌లో దాన్ని తయారుచేసే ఒక ఎంజైము జన్యువులో 383 డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోయాయి. జన్యువు పాడైంది, కాడ కురచైంది.

మరి హార్మోన్ తగ్గితే గింజ కూడా తగ్గాలి కదా? తగ్గలేదు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే. ఆ ఎంజైముకి వరిలో ఇంకో జన్యువు కూడా ఉంది, అది పూతలో పనిచేస్తుంది. చెడింది కాడలో పనిచేసేది. కాడ ఆగింది, పువ్వు తన పని తాను చేసుకుపోయింది.

గోధుమది ఇంకో దారి. జపాన్‌లో 1935లో విడుదలైన నోరిన్ 10 అనే రకం నుంచి వచ్చిన పొట్టి జన్యువులున్న మొక్కల్లో హార్మోన్‌కి కొరత లేదు. కాడే దాని మాట వినదు. పెరుగుదలకి బ్రేకు వేసే ప్రోటీన్లు ఉంటాయి, వాటిని డెల్లాలు అంటారు. హార్మోన్ వస్తే మామూలుగా ఆ బ్రేకు తొలగిపోతుంది. నోరిన్ 10 సంతతిలో బ్రేకు తొలగదు. అమెరికాలో గోధుమ బ్రీడర్ ఓర్విల్ వోగెల్, అతని దగ్గర్నుంచి విత్తనం అందుకున్న నార్మన్ బోర్లాగ్ మెక్సికోలో, దీన్ని ప్రపంచానికి తెచ్చారు.

1966లో మన దేశం దాదాపు కోటి టన్నుల తిండిగింజలు దిగుమతి చేసుకుంది. అదే ఏడాది మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి గోధుమ విత్తనం తెప్పించింది. 1964-65లో 1.2 కోట్ల టన్నులున్న గోధుమ 1969-70 నాటికి 2 కోట్లకి చేరింది, ఇప్పుడు 11 కోట్లు దాటింది. వరిలో జెన్నింగ్స్ చేసిన సంకరం నుంచి వచ్చిన పొట్టి రకం ఐఆర్ 8 విడుదలైంది కూడా 1966లోనే. పశ్చిమ గోదావరి ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని తొలినాళ్లలోనే పండించి, విత్తనం వ్యాప్తి చేసి మిస్టర్ ఐఆర్ 8 అనిపించుకున్నారు. విశాఖలో కోరమాండల్ ఎరువుల కర్మాగారం మొదలైంది 1967లో. పడని పైరు, దానికి పెట్టే ఎరువు దాదాపు ఒకేసారి మన గుమ్మంలోకి వచ్చాయి. ఒకటి లేకుండా రెండోది పెద్దగా పనికి రాదు.

ఇంతకీ పొట్టి వరి పాత వరికన్నా ఎక్కువ పెరుగుతుందనుకోకండి. ఎండబెట్టి తూస్తే పైరు మొత్తం బరువులో తేడా అంత పెద్దదేం కాదు. పంపకంలో ఉంది తేడా. పాత రకంలో పది కిలోల ఎండు పైరుకి మూడు కిలోలు గింజ, ఏడు గడ్డి. కొత్తదానిలో చెరి సగం. కాడకి పోయేది కంకికి మళ్లింది. గడ్డి తగ్గితే పశువుకి మేత తగ్గుతుంది, గుడిసె కప్పు వేసుకునేవాడికి పొడుగాటి గడ్డి దొరకదు. హెక్టారుకి టన్నుల్లో లెక్క వేసిన పట్టికల్లో ఈ నష్టం కనిపించదు. తాతలు కొత్త వరిని తిట్టుకోవడంలో ఈ న్యాయం ఉంది.

ఐఆర్ 8 అన్నం రుచి లేదన్నారు, నిజమే, గింజ నూకయ్యేది, సుడిదోమకీ ఎండాకు తెగులుకీ లొంగేది. ఆ రకం పోయింది, జన్యువు ఉండిపోయింది. మనం విశాఖలో రోజూ తినే సాంబ మసూరి, అంటే బాపట్ల వారి బీపీటీ 5204, దాని పూర్వీకుల్లో తైవాన్ పొట్టి వరి తైచుంగ్ నేటివ్ 1 ఉంది. దానికి పొట్టితనం ఇచ్చింది డీ-జియో-వూ-జెన్. ఈ మధ్యాహ్నం మీరు తిన్న అన్నంలో ఆ 383 అక్షరాల ఖాళీ ఉండే ఉంటుంది.

యూరియా విషయంలో మాత్రం తాత భయం ఊరికే పోదు. పొట్టి గోధుమలోనే కాదు, హార్మోన్ తగ్గిన పొట్టి వరిలోనూ డెల్లా ప్రోటీన్లు పేరుకుంటాయి. అవి కాడని ఆపడంతో ఊరుకోవు, మొక్క నత్రజని పీల్చుకునే శక్తిని కూడా తగ్గిస్తాయి. 2018లో చైనా పరిశోధకులు దీన్ని తేల్చారు. అందుకే ఈ పైరు ఎక్కువ ఎరువు అడుగుతుంది, మిగిలింది కాలవల్లోకి పోతుంది. జీఆర్‌ఎఫ్4 అనే ఇంకో జన్యువుని పెంచితే ఎత్తు పెరగకుండానే నత్రజని పీల్చుకోవడం మెరుగుపడిందని కూడా వాళ్లే చూపించారు. నా దృష్టిలో ఇప్పుడు బ్రీడర్లు చేయాల్సిన మొదటి పని ఇదే.

ఉత్తరాంధ్రకి కావలసింది మరొకటి: వరదని తట్టుకునే వరి. వంశధార, నాగావళి పొంగితే చేను రోజుల తరబడి నీళ్లలో ఉంటుంది. మామూలు వరి మునగగానే తల పైకి పెట్టాలని సాగుతుంది, ఉన్న శక్తంతా అందులో ఖర్చుపెట్టి, నీరు తీసేసరికి కుళ్లిపోతుంది. ఒడిశా పాత వరిలో దొరికిన సబ్1ఏ అనే జన్యువు, మునిగిన మొక్కలో అదే డెల్లా బ్రేకుని తొక్కి పట్టి ఉంచుతుంది. మొక్క సాగదు. చక్కెర దాచుకుని ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. మారుటేరు స్వర్ణలోకి ఈ జన్యువుని ఎక్కించిన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా మునిగినా, నీరు తీశాక బురద అంటిన ఆ దుబ్బు నుంచి కొత్త ఆకు లేస్తుంది.