క్యాంపస్‌లో కొత్త భవనం: చుట్టుపక్కలవాళ్ల అపోహలు, అసలు వాస్తవాలు

యూనివర్సిటీ క్యాంపస్‌లలో భవనాల ప్లానింగ్, సైట్ పర్యవేక్షణ నా పని. కొత్త బ్లాక్ కడుతున్నామని బోర్డు పెట్టగానే ప్రహరీ అవతలి ఇళ్లవాళ్లు అడిగేవి రెండే: దుమ్ము ఎన్నాళ్లు, చప్పుడు ఎన్నాళ్లు? అడగాల్సినవే. కాకపోతే ఆ రెండూ పని అయ్యాక పోతాయి, భవనం మాత్రం తరాల పాటు అక్కడే ఉంటుంది. దాని నీళ్ల లెక్క, బండ్ల లెక్క, మనుషుల లెక్క తేలిపోయేది డ్రాయింగుల దశలోనే. టెండర్ పిలిచాక మార్చడానికి మిగిలేవి రంగులు, టైల్సే.

అపోహ: ఇబ్బందంతా కట్టుబడి జరిగినన్నాళ్లే.

కాదు. అన్నిటికన్నా ఎక్కువ కాలం వెంటాడేది వాననీరు. నిన్నటిదాకా గడ్డి ఉన్న చోట 4,000 చదరపు మీటర్ల కప్పు వచ్చిందనుకోండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. 50 మిల్లీమీటర్ల వానకు ఆ కప్పు మీద పడేది 2 లక్షల లీటర్లు. గడ్డినేల అయితే అందులో చాలా భాగం ఇంకిపోయేది. కప్పు మీద పడ్డది దాదాపు అంతా పైపుల్లోంచి వెంటనే దిగిపోతుంది. క్యాంపస్ ఎత్తులో ఉంటే అది చేరేది పక్క వీధికే.

'ఇంకుడు గుంతలు తవ్వుతున్నాంగా' అంటారు మావాళ్లు. ఇసుక నేలలో సరే. బంకమట్టిలో ఆ గుంత మొదటి పెద్ద వానకే నిండి కూర్చుంటుంది, మర్నాటి వానకు చోటుండదు. అలాంటి చోట నీళ్లను పట్టి ఉంచి, సన్నటి పైపు గుండా నెమ్మదిగా వదిలే ట్యాంకు కావాలి. దానికి స్థలం కావాలి కాబట్టి అది ప్లాన్‌లోనే ఉండాలి. అందుకే 'గుంత ఉందా' అని అడిగి ఊరుకోవద్దు. ఎంత పడుతుంది, నిండాక పొర్లేది ఎటు అని అడగండి. చాలా మీటింగుల్లో ఈ రెండో ప్రశ్న దగ్గరే మావాళ్లు నీళ్లు నములుతారు.

సెల్లార్ ఉంటే ఇంకో సంగతి. తవ్వకం భూగర్భ నీటిమట్టం కిందికి వెళ్తే రాత్రింబవళ్లు మోటార్లు పెట్టి తోడాలి. దగ్గర్లోని బావుల్లో మట్టం తగ్గొచ్చు. మెత్తటి మట్టి అయితే నేల కుంగి పాత గోడలు బీటలివ్వొచ్చు. పని మొదలవకముందే ఇరుగుపొరుగు గోడలను తేదీతో సహా ఫొటోలు తీసి పెట్టుకుంటే ఆ బీట పాతదా కొత్తదా అనే గొడవ ఉండదు. ఇది ఇద్దరికీ మంచిదే.

అపోహ: రాత్రి పని చేస్తున్నారంటే అక్రమమే.

స్లాబ్ పోయడం మొదలుపెట్టాక మధ్యలో ఆపితే, గట్టిపడిన కాంక్రీటుకూ కొత్తదానికీ మధ్య అతుకు బలహీనంగా ఉండిపోతుంది. మిక్సర్ లారీ ఆలస్యమైతే పోత రాత్రికి జారుతుంది. ముందుగా చెప్పి చేస్తే అర్థం చేసుకోవచ్చు. కానీ అర్ధరాత్రి సెంట్రింగ్ చెక్కలు ఊడదీయడానికి, కంకర దించడానికి ఏ సాంకేతిక కారణమూ లేదు. దాన్ని నిలదీయండి.

అపోహ: పార్కింగ్ పెంచితే ట్రాఫిక్ తగ్గుతుంది.

పార్కింగ్ దొరుకుతుందని తెలిస్తే బస్సెక్కేవాళ్లు కూడా కారు తీస్తారు. దారితో కలిపి ఒక్కో కారుకు 25 నుంచి 30 చదరపు మీటర్లు పోతుంది, అదంతా మళ్లీ వాననీరు ఇంకని నేలే. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి 2000లో అక్కడి స్థానిక ప్రభుత్వం (శాంటా క్లారా కౌంటీ) కొత్త భవనాలకు అనుమతిస్తూ ఒక షరతు పెట్టింది: రద్దీ వేళల్లో క్యాంపస్‌కు వచ్చిపోయే వాహనాల ట్రిప్పులు పెరగకూడదు. పార్కింగ్‌కు ఫీజు, ఉచిత షటిల్ బస్సులు, కారు మానేసినవాళ్లకు ప్రోత్సాహకం లాంటివి అక్కడ ఈ షరతుకు తోడయ్యాయి. భవనం ఎన్ని అంతస్తులు అన్న వాదన కన్నా ఇలాంటి ఒక్క షరతు పక్క వీధికి ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం.

అపోహ: హాస్టల్ కడితే చుట్టుపక్కల అద్దెలు పెరుగుతాయి.

అద్దెలు పెంచేది సీట్ల సంఖ్య. సీట్లు పెంచి హాస్టల్ కట్టకపోతే పిల్లలు బయట గదులకే వస్తారు. అమెరికాలోని బర్కిలీ ఊళ్లో జరిగిన గొడవ ఇదే. కాలిఫోర్నియా యూనివర్సిటీ అక్కడ విద్యార్థుల సంఖ్య పెంచుకుంటూ పోవడంపై స్థానికులు కోర్టుకెళ్లారు. ఆ సంఖ్యను పెంచొద్దని 2021లో కోర్టు ఆదేశించింది. దాన్ని నిలిపివేయడానికి 2022 మార్చిలో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. అదే నెలలో రాష్ట్ర చట్టసభ ఆ ఆదేశం అమలు కాకుండా చట్టాన్నే మార్చేసింది. స్థానికుల బాధ నిజమే. అయినా హాస్టల్‌ను అడ్డుకుంటే ఆ బాధ పెరుగుతుందే తప్ప తగ్గదు.

అపోహ: చెట్టు నరకలేదు కాబట్టి చెట్టు బతికినట్టే.

డ్రాయింగులో చెట్టును కొమ్మలున్నంత మేర ఒక పచ్చటి సున్నాగా గీస్తాం. అసలు వేళ్లు ఆ సున్నా దాటి చాలా దూరం పోతాయి, అదీ ఎక్కువగా నేల పైపొరల్లోనే. ఆ మట్టి మీద ఇనుము దించి, టిప్పర్లు తిప్పితే మట్టి బిగుసుకుపోయి వేళ్లకు గాలి, నీరు అందవు. చెట్టు వెంటనే చావదు, రెండు మూడేళ్లకు పైనుంచి ఎండుతూ వస్తుంది. అప్పటికి కాంట్రాక్టర్ బిల్లు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు. చెట్టు మొదలుకు చుట్టిన రిబ్బన్ ఫొటోలకే పనికొస్తుంది. కావాల్సింది కొమ్మల అంచు దాటి వేసే గట్టి కంచె.

అపోహ: దాత డబ్బుతో కడుతున్నారు, యూనివర్సిటీకి ఖర్చేముంది?

దాత ఇచ్చేది సాధారణంగా కట్టడానికి, పేరు పెట్టుకోవడానికి. మరమ్మతులకు, నిర్వహణకు ఏటా ఎంత పక్కన పెట్టాలో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1990లో ఒక లెక్క చెప్పింది: అదే భవనాన్ని ఈరోజు మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చులో 2 నుంచి 4 శాతం. కరెంటు బిల్లు దీనికి అదనం. రసాయన ప్రయోగశాల అయితే విషవాయువులున్న గాలిని తిరిగి వాడకూడదు. చల్లబరిచిన గాలినంతా బయటికి పంపేసి కొత్త గాలిని మళ్లీ చల్లబరచాలి, కాబట్టి అది మామూలు ఆఫీసు బ్లాక్ కన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు తాగుతుంది. ఈ పద్దు బడ్జెట్‌లో లేకపోతే మొదట ఆగేది కళ్లకు కనిపించని పనులు: డ్రైన్ల పూడిక తీత, ఇందాక చెప్పిన వాననీటి ట్యాంకు శుభ్రం. అక్కడ పొదుపు చేసిన డబ్బు పక్క వీధిలో మోకాలి లోతు నీళ్లవుతుంది.